కాదన్నవాళ్ళదే వంట

రాజ్యం నోటికి తాళం లేదు. గోదావరి జిల్లాలో ఆమెతో కలిసి నర్సు పని నేర్చుకున్నవాళ్ళు ఆ మాట ఇప్పటికీ చెప్తారు. మొగుడు రాఘవయ్య బతికున్నన్నాళ్ళూ చెప్పాడు. న్యూజిలాండ్ ఊరు టౌరంగాలో ఆమె పనిచేసే రెస్ట్‌హోమ్‌లో తొంభై ఏళ్ళ ముసలాళ్ళు కూడా, చెవి మిషన్లు తీసేసి మరీ, అదే మాట చెప్తారు. అయితే ఆ నోటి మూలంగా ఒక ఆడపిల్ల తలదాచుకున్న గది పోయే పరిస్థితి వస్తుందని ఎవరూ అనుకోలేదు. రాజ్యం అసలే అనుకోలేదు.

ఆమెకి యాభై తొమ్మిదేళ్ళు. న్యూజిలాండ్ వచ్చి పదహారేళ్ళయింది. రాఘవయ్య కివీ పళ్ళ ప్యాక్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. నాలుగేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. కూతురు కీర్తన వెల్లింగ్టన్‌లో గవర్నమెంటు ఉద్యోగం చేసుకుంటూ, "నా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అని పోరింది. "మీ ఊరి ఈదురుగాలికి నేను సముద్రంలో పడతాను, నేన్రాను" అని ఈవిడ తెగేసి చెప్పింది. చెప్పనయితే చెప్పింది గానీ, ఒంటరిగా చిన్న ఇంట్లో రెండు నెలలు గడిచేసరికి తెలిసొచ్చింది. దగ్గొస్తే "ఏవిటే ఆ దగ్గు?" అనే మనిషి లేకపోవడం ఎంత నరకమో! జ్వరం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. చర్చి పక్కింట్లో గురువారం గురువారం భోజనం పెడతారని తెలిసి వెళ్ళింది. నాలుగో గురువారం అక్కడే ఒక గది తీసుకుంది.

అది పూర్వం పాస్టరుగారి ఇల్లు. ఎనిమిది బెడ్‌రూములు. పన్నెండేళ్ళ కిందట చర్చివాళ్ళు ఆ ఇంటిని కలిసి బతకాలనుకునేవాళ్ళకి అప్పగించారు. ఇంట్లోవాళ్ళు పొద్దున్నే చర్చి తలుపులు తీస్తారు, గడ్డి కోస్తారు, గురువారం వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడతారు. చర్చి వాళ్ళకి నీడ ఇస్తుంది. పొద్దున ఆరింటికి అందరికీ కలిపి ఒక ప్రార్థన, సాయంత్రం అందరికీ కలిపి ఒకే బల్ల. ఇంటికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. రాజ్యం మాత్రం బల్ల ఇల్లు అంటుంది.

ఆ ఇంట్లో ఒక రూలుంది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది. బల్ల దగ్గర అందరూ సరే అంటేనే ఏదైనా నిర్ణయం అయినట్టు. చర్చి తరఫున వచ్చి కూర్చునే మనిషి కూడా ఆ అందరిలో ఒకరు. ఎవరైనా కాదంటే ఆ పని ఆగిపోతుంది. కాకపోతే, ఆ కాదన్న మనిషే విషయం తేలేదాకా రోజూ అందరికీ వండి పెట్టాలి. ఇల్లు మొదలుపెట్టిన హెదర్‌ని అదేం రూలని అడిగితే, "కాదని మూతి ముడుచుకుని గదిలోకి పోవడం తేలిక. కాదన్నవాళ్ళకి వడ్డించడం కష్టం. ఆ కష్టం పడగలిగితేనే కాదనాలి" అంటుంది. పన్నెండేళ్ళలో ఎవరి కాదూ మూడు రోజులు దాటలేదు.

శ్రీవల్లి ఈ ఇంటికి వచ్చి ఐదు నెలలయింది. నిజామాబాద్ పిల్ల, ఇరవై ఏడేళ్ళు. హామిల్టన్‌లో చదువుకుంది, ఇప్పుడు ఇక్కడ ప్యాక్‌హౌస్‌లో పళ్ళ నాణ్యత చూసే పని. చర్చికి రాదు. పొద్దున ప్రార్థనకి మాత్రం వచ్చి ఒక మూల కూర్చుంటుంది, తర్వాత తన గదిలోకి వెళ్ళి చిన్న లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టుకుంటుంది. హెదర్‌కి అందులో అభ్యంతరం ఏమీ కనపడలేదు. రాజ్యానికి కనపడింది. సరే, కనపడితే కనపడింది, ఆ పిల్లని పిలిచి చెప్పొచ్చు కదా? అబ్బే! రాజ్యం ఆదివారం నాడు చర్చిలో మైకు అందుకుంది.

మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ప్రార్థన మనవి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్కింటి కోడలు అలిగిన దగ్గర్నుంచి ఎదురింటాయన తాగుడు దాకా పేర్లతో సహా చెప్పి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాకు నిద్ర పట్టడంలేదు సహోదరులారా" అంటే గాని అది మనవి కింద జమకాదు. ఆమెన్ అన్నాక చెప్పినావిడా మర్చిపోతుంది, విన్నవాళ్ళూ మర్చిపోతారు. ఆ మధ్యాహ్నమే అదే కోడలికి గిన్నెడు కూర కూడా వెళ్తుంది. ఇక్కడివాళ్ళయితే, "మంగళవారం మా అమ్మకి తుంటి ఆపరేషన్" అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. రాజ్యం మన పద్ధతిలోనే చెప్పింది, వచ్చీరాని ఇంగ్లీషులో. మా ఇంట్లో శ్రీవల్లి అని ఒక బిడ్డ ఉంది, దేవుణ్ణి ఎరగదు, బొమ్మ ముందు దీపం పెడుతుంది, పక్కనే కర్టెన్ ఉంది, ఏ రోజు ఇల్లంతా అంటుకుంటుందో, నాకు నిద్ర లేదు, ఆ బిడ్డ కోసం ప్రార్థించండి, అంది. ఇంటికి వెళ్ళి శ్రీవల్లికి ఇష్టమని గుత్తొంకాయ చేసింది. అంతటితో ఆ సంగతి అయిపోయిందనే అనుకుంది.

పదకొండు రోజుల తర్వాత గురువారం నాడు, చర్చి తరఫున ఆ బల్ల దగ్గర కూర్చునే కమిటీ పెద్ద గ్రాహమ్ ఒక కాగితం పట్టుకుని భోజనానికి వచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒకప్పుడు కివీ తోట యజమాని. ఇస్త్రీ చొక్కా, నిక్కచ్చి మాట. ఎక్కడికి వెళ్ళినా వెంట కుక్క ఉంటుంది. దాన్ని వరండాలో కట్టేసి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ఇంట్లో ఉండే ఒకరు తమ భద్రత గురించి, విశ్వాసం గురించి ఆందోళన తెలిపారు. కాబట్టి ఇకనుంచి ఈ ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరూ విశ్వాస ప్రకటన మీద సంతకం చెయ్యాలి. చెయ్యలేనివారు ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి."

"ఎవరండీ ఆ ఆందోళన తెలిపిన మహాతల్లి?" అంది రాజ్యం, పప్పు గిన్నె అందుకుంటూ.

"మీరే" అన్నాడు గ్రాహమ్.

గిన్నె బల్ల మీద పెట్టేసింది. శ్రీవల్లి తల వంచుకుని కంచంలో అన్నం కెలుకుతోంది. తిట్టినా బాగుండేది. ఏప్రిల్ నెల, కోతల కాలం. పళ్ళ కోతకి వచ్చినవాళ్ళకి ఊళ్ళో గ్యారేజీలు కూడా అద్దెకి పోయాయి. ఇప్పుడు గది ఖాళీ చెయ్యమంటే ఈ పిల్ల ఎక్కడికి పోతుంది? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది తనే.

"కాదు" అంది రాజ్యం.

"దేనికి కాదు?"

"ఆ కాగితానికి. నేను ఒప్పుకోను."

గ్రాహమ్ కళ్ళజోడు తీశాడు. "ఫిర్యాదు చేసింది మీరే కదా."

"నేను ఫిర్యాదు చెయ్యలేదండి గ్రాహమ్ గారూ. ప్రార్థించమన్నాను. మీరు మీటింగ్ పెట్టుకున్నారు." పేరు పక్కన గారు చేర్చకపోతే ఆమెకి నోరు తిరగదు, ఇంగ్లీషులో అయినా సరే, పోట్లాటలో అయినా సరే. "నాకు ఎనిమిదో ఏట బాప్తిస్మం అయింది. ఆ కాగితంలో ఉన్న ప్రతి మాటా నేను నమ్ముతాను. అయినా సంతకం పెట్టను. పక్క మనిషిని బయటికి గెంటడానికి నా విశ్వాసం మీకు అరువివ్వను."

"రూలు తెలుసు కదా?" అని మెల్లగా అడిగింది హెదర్.

"తెలుసు. రేపట్నుంచి వంట నాది."

గ్రాహమ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తొందరేం లేదు. చర్చి ఎదురుచూస్తుంది" అన్నాడు మర్యాదగానే. పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా రెస్ట్‌హోమ్‌లో మనుషుల్ని ఎత్తి దించే మనిషి, అరిగిపోయిన మోకాలుతో, ఎన్నాళ్ళు వండుతుందిలే అని ఆయన లెక్క.

గిన్నెలు కడగడం అయ్యాక రాజ్యం శ్రీవల్లి గది తలుపు తట్టింది. లోపలికి వెళ్ళి పటం ఉన్న చిన్న బల్లని కిటికీ దగ్గర్నుంచి లాగి ఎదురు గోడకి ఆనించింది. "దీపం పెట్టుకో. నేను మొక్కను, అది వేరే సంగతి. కర్టెన్ పక్కన మాత్రం వద్దు" అంది.

శ్రీవల్లి కళ్ళు తుడుచుకుంది. "గీ ముచ్చట నాకే చెప్తే అయిపోతుండె గదా ఆంటీ. నేనే జరుపుతుంటి. గంతమంది ముంగట ఎందుకు చెప్పిండ్రు?"

ఏం చెప్తుంది రాజ్యం? మా ఊళ్ళో ఇంతే అని చెప్పాలా? చెప్పినా అది జవాబు అవుతుందా? సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది ఆమెకి. తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

మర్నాటి నుంచి మొదలైంది చూడండి. తొమ్మిదిమంది ఇంట్లోవాళ్ళు, గురువారం అయితే పాతికమంది. పప్పుచారు, కోడికూర, పులిహోర, బంగాళాదుంప వేపుడు. ఇంట్లో చేతులు మారుతూ తిరిగే రెండు బరువు గరిటెలూ ఆమె చేతికే అంటుకుపోయాయి. పోర్టులో పనిచేసే టోంగా దీవుల మనిషి టెవిటా, మూడో రోజు మూడోసారి అన్నం పెట్టించుకుంటూ, "ఈ గొడవ తొందరగా తేలకూడదని ప్రార్థిస్తున్నాను ఆంటీ" అన్నాడు. "నీ ప్రార్థన కూడా మీటింగ్‌కి ఎక్కుతాది, జాగ్రత్త" అంది రాజ్యం. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. గురువారం గురువారం గ్రాహమ్ వస్తాడు, "ఇంకా కాదేనా?" అంటాడు, "ఇంకా కాదేనండి, ఇంకొంచెం పులిహోర వేసుకోండి" అంటుంది ఈవిడ. ఆయన వేసుకుంటాడు కూడా.

సాయం చెయ్యడానికి ఎవరూ రాకూడదు, అది రూలు. శ్రీవల్లి మాత్రం సాయంత్రం షిఫ్టు దిగి రాగానే ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చునేది. "రూల్‌ల వండుడు గురించే ఉన్నది, కోసుడు గురించి లేదు" అనేది. రాజ్యం వద్దనలేదు. మోకాలు అప్పటికే గుమ్మడికాయంత అయింది మరి.

పదిహేనో రోజున రాజ్యం పనినుంచి వచ్చేసరికి శ్రీవల్లి గది తలుపు తీసి ఉంది. మంచం మీద సూట్‌కేసు. బట్టలు సగం సర్దేసి ఉన్నాయి.

"ఏవిటే ఇది?"

"పోత ఆంటీ. మీ మోకాలు జూడుండ్రి ఎట్లయిందో. నా కోసం గింత లొల్లి ఎందుకు? నాకు కారుంది."

"కారుంటే?"

శ్రీవల్లి చీర మడత పెడుతూనే చెప్పింది. ఈ ఇంటికి రాకముందు, ఫ్లాట్ అమ్ముడుపోయి ఖాళీ చెయ్యమంటే, పదకొండు రోజులు కారులోనే పడుకుంది. మౌంట్ అనే కొండ దగ్గర బీచ్ పార్కింగ్‌లో. పబ్లిక్ టాయిలెట్‌లో మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్ళేది. అమ్మకి వీడియో కాల్ చేసినప్పుడు సీటు కనపడకుండా ఫోను దగ్గరగా పెట్టుకునేది. "పొద్దుగాల్నే ఒక ముసలాయన కుక్కను పట్టుకొని వచ్చి అద్దం కొట్టేటోడు. ఈడ పండొద్దు, ఫిర్యాదు జేస్త అనేటోడు. గంతే, ఇంకేం కష్టం లేదు. అలవాటే."

రాజ్యం కుంటుకుంటూ మంచం దగ్గరికి వెళ్ళి, సూట్‌కేసు ఎత్తి తలకిందులు చేసింది. బట్టలన్నీ మంచం మీద పడ్డాయి. "అలవాటా? నీ మొహం అలవాటు! కారులో పడుకోవడం ఎవరికైనా అలవాటు అవుద్దా? లొల్లి చేసింది నేను. ఆపాల్సింది నేను. నువ్వు వెళ్ళిపోతే నేను ఇన్నాళ్ళూ వండింది దేనికి, టెవిటా పొట్ట పెంచడానికా?" అని అరిచింది. అరుస్తూ అరుస్తూ ఏడ్చింది. ఏడుస్తూనే వంటగదిలోకి వెళ్ళింది, కూర పొయ్యి మీద పెట్టాలి కదా. ఉప్పు డబ్బా కోసం తిరిగితే ఎదురుగా ఫ్రిజ్ మీద రూలు కనపడింది. పదిహేను రోజులుగా కళ్ళముందే ఉంది. నిలబడి రెండుసార్లు చదివింది. కాదన్నవాళ్ళు వండాలని ఉంది గాని, రాజ్యమే వండాలని ఎక్కడా లేదు.

గురువారం వచ్చింది. గ్రాహమ్ కుక్కని కట్టేసి వచ్చి కూర్చున్నాడు. "ఇంకా కాదేనా?" అన్నాడు.

"మీ కాగితానికి కాదేనండి. ఇవాళ నేనొక కాగితం తెచ్చాను." రాజ్యం ఏప్రన్ జేబులోంచి తీసి చదివింది. రెస్ట్‌హోమ్ నోటు కాగితం మీద రాసుకుంది. "శ్రీవల్లి ఈ ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎవరిచేతా ఏ సంతకాలూ పెట్టించరు. అందరూ ఒక్కొక్కరూ చెప్పండి."

హెదర్ సరే అంది. టెవిటా సరే అన్నాడు. బల్ల చుట్టూ సరే తిరిగి తిరిగి గ్రాహమ్ దగ్గరికి వచ్చి ఆగింది.

"కాదు" అన్నాడాయన. అన్నాక గాని ఆయనకి అర్థం కాలేదు.

రాజ్యం మెడలోంచి ఏప్రన్ తీసి, మడత పెట్టి, ఆయన కంచం పక్కన పెట్టింది. "నా కాదుకి ఇరవై ఒక్క రోజులు వండానండి. ఇప్పుడు మీ కాదు వచ్చింది. రేపట్నుంచి వంట మీది."

టెవిటా నీళ్ళు తాగుతూ పొలమారి లేచి బయటికి పోయాడు.

"ఇది చర్చి ఇల్లు. కావాలంటే ఈ రూలునే తీసేస్తాం" అన్నాడు గ్రాహమ్. మెడ ఎర్రగా కందిపోయింది.

"తీసెయ్యడానికైనా బల్ల దగ్గర అందరూ సరే అనాలి కదండీ. దానికీ నేను కాదంటాను. ఇంకో ఇరవై ఒక్క రోజులు వండుతాను. మోకాలు పోతే కుర్చీలో కూర్చుని వండుతాను. ఆ రూలు కింద చర్చి తరఫున సంతకం పెట్టింది ఎవరో చూసుకోండి, మీరే."

గ్రాహమ్ ఫ్రిజ్ వంక చూశాడు. పెట్టిన సంతకం వెనక్కి తీసుకునే రకం కాదు. అంతవరకు ఆ మనిషిని మెచ్చుకోవలసిందే. ఏప్రన్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికల్లా వచ్చాడు. వేపిన సాసేజ్‌లు, ఉడికించిన బంగాళాదుంపలు. రెండో రోజు ఉడికించిన బంగాళాదుంపలు, వేపిన సాసేజ్‌లు. మూడో రోజు ఖీమా చేశాడు, అందులో ఉప్పు మర్చిపోయాడు. నాలుగో రోజు అన్నం వండబోతే అది గంజికీ అన్నానికీ మధ్య ఎక్కడో ఆగింది. శ్రీవల్లి ఒక్కతే ఆ అన్నం రెండోసారి పెట్టించుకుని, "బాగుంది అంకుల్" అంది. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూడకుండా గరిటె కడుక్కున్నాడు.

ఆరో రోజు రాజ్యం హాల్లో మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చుంది. వంటగదిలో గిన్నె పడ్డ చప్పుడు, వెంటనే కేక. కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్ళేసరికి, బంగాళాదుంపల వేడినీళ్ళు గ్రాహమ్ చేతిమీద ఒలికిపోయి ఉన్నాయి. శ్రీవల్లి అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుని చన్నీళ్ళ కుళాయి కింద పెట్టేసింది.

"ఇరవై నిమిషాలు పెట్టాలి అంకుల్. తియ్యొద్దు."

రాజ్యం నర్సు, ఆమెకి చెప్పాల్సిన పని ఏమీ మిగల్లేదు. గుమ్మంలోనే నిలబడింది. ఇరవై నిమిషాలంటే చాలాసేపు. ఆ పిల్ల ఆయన మణికట్టు వదల్లేదు. గ్రాహమ్ అడిగాడు. "ఇక్కడికి రాకముందు ఎక్కడ ఉండేదానివి?"

"కారులో. మౌంట్ దగ్గర పార్కింగ్‌లో."

నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"వెండిరంగు చిన్న కారా?" అన్నాడాయన. "వెనక అద్దానికి దుప్పటి అడ్డం కట్టి ఉండేది?"

"అవును."

"ఆ అద్దం కొట్టింది నేను."

"తెలుసు అంకుల్. ఈ ఇంటికి వచ్చిన మొదటి గురువారమే గుర్తుపట్టాను. మీ కుక్క కూడా నన్ను గుర్తుపట్టింది."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"మీరు అన్నం తింటున్నారు" అంది శ్రీవల్లి. "చెయ్యి తియ్యకండి. ఇంకా ఏడు నిమిషాలుంది."

రాజ్యం గుమ్మంలోంచి వెనక్కి వచ్చేసింది. బల్ల దగ్గర తన పేరు బయటపడ్డ రోజున ఆ పిల్ల ఎందుకు తిట్టలేదో ఇప్పుడు అర్థమైంది. ఐసు సంచీ కళ్ళకి పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం అందరూ సగం ఉడికిన బంగాళాదుంపలు తిన్నారు. గ్రాహమ్ కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టుకుని, "చర్చి తరఫున నేను సరే అంటున్నాను" అన్నాడు. జేబులోంచి తన పాత కాగితం తీసి, ఎడమ చేత్తో చింపడం రాక, శ్రీవల్లికి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని నాలుగు ముక్కలు చేసి కూరగాయల తొక్కల బుట్టలో పడేసింది.

అందరూ అంతటితో అయిపోయిందనుకున్నారు. రాజ్యం అనుకోలేదు. "తప్పు చేసింది మైకులో, దిద్దుకుంటే మైకులోనే" అంది.

ఆదివారం ప్రార్థన మనవులప్పుడు ఆమె లేచేసరికి చర్చి అంతా బిగుసుకుపోయింది. ఒకావిడ కొంగు లాగినంత పనిచేసింది. రాజ్యం ఆగలేదు. మోకాలు ఈడ్చుకుంటూ ముందుకి వెళ్ళి మైకు అందుకుంది.

"పోయిన నెల ఒక బిడ్డ కోసం ప్రార్థించమన్నాను. ఆ మనవి వెనక్కి తీసుకుంటున్నాను. ఆ బిడ్డకి ఏ లోటూ లేదు. లోటంతా నా నోటిది, దాని కోసం ప్రార్థించండి. ఎదురుగా చెప్పాల్సిన మాట ఎదురుగా చెప్పే బుద్ధి దేవుడు నాకు ఇవ్వాలి." ఊపిరి తీసుకుంది. "ఇంకొక్క మాట. ఆ బిడ్డ ఇంట్లో ఉండటానికి వీల్లేదని ఇంకా ఎవరికైనా ఉంటే, మనసులో పెట్టుకోకండి. గురువారం రండి. బల్ల దగ్గర కుర్చీ ఉంది. వంటగదిలో ఏప్రన్ ఉంది. మా ఇంట్లో తొమ్మిదిమంది తింటాం."

రెండో వరసలోంచి, చేతికి కట్టుతో కూర్చున్న గ్రాహమ్ అందరికన్నా ముందు, అందరికీ వినపడేలా ఆమెన్ అన్నాడు.